గోలీ బుడేన్ బూట్లు

నంద్యాల,
20 డిసెంబరు 1958.

ఆళ్లగడ్డ నూనె మిల్లు టీములో బంతాట ఆడే నా కూతురి కొడుకు దేవరాజుకు,

నా పేరు లూదియా. వయసు పాదిరిగారి పుస్తకం ప్రకారం అరవై ఏడు. ఉండేది నంద్యాలలో మిషన్ బడి వెనక వీధి. మగడు లేడు. ఇంట్లో నేను, నా కొడుకు ఓబులేసు, కోడలు మార్తమ్మ, ఇద్దరు ఆడపిల్లలు, మొత్తం ఐదుగురం. మూడు వారాలుగా నలుగురం.

మనవడికి రాసే ఉత్తరం ఇలా మొదలుపెట్టరమ్మా అని రాసిపెడుతున్న సంజీవయ్య సారు అన్నాడు. బడి నుంచి రిటైరైనా ఆయనకు దిద్దే అలవాటు పోలేదు. "ఇది ఉత్తరం కాదు సారూ, ఫిర్యాదు. నేను చెప్పినట్టు రాయి" అన్నాను. నా మాటలకు చొక్కా తొడిగి రాస్తున్నాడు గానీ, లోపల ఉన్నది నేనే.

పోయిన నెల చివరి శనివారం మన బడి మైదానంలో నంద్యాలకూ ఆళ్లగడ్డకూ కప్పు ఆట జరిగింది. నీ తల్లి పోయాక నిన్ను సాకింది నేను. ఆ మైదానంలోనే నిన్ను పాత గుడ్డల బంతితో ఆడించింది నీ మేనమామ ఓబులేసు. అలాంటివాడివి ఆళ్లగడ్డ చొక్కా వేసుకొని వచ్చి, ఆట ముగిసే ముందు నంద్యాల మీద గోలు కొట్టావు. సరే, నీ కూలి నీది. మా వీధిలో నాలుగు రోజులు నా ముఖం చూసి ఉమ్మేశారు. అదీ ఓర్చుకున్నాను.

ఓర్చుకోలేనిది ఇది. ఆ గోలు కొట్టిన కాలికి ఉన్న బూటు బుడేన్‌ది. నంద్యాలకు గోలు కాసే గోలీ బుడేన్‌ది! నీ మామ గీత పక్కన చెప్పులు కుట్టే తన పనిముట్ల పెట్టె మీద కూర్చుని చూశాడు. మడమ దగ్గర మైనం పూసిన దారంతో రెండు పేటలు అడ్డంగా వేసిన కుట్టు వాడు తప్ప ఈ తాలూకాలో ఎవరూ వేయరు. నంద్యాల టీముకు వాడు కూలి తీసుకోకుండా కుట్టిపెడతాడు. తన చేతి కుట్టు తన ఊరి మీదికే వచ్చి తన్నడం కళ్లారా చూశాడు. సాయంత్రం స్టేషను దగ్గర హోటల్లో మీరిద్దరూ ఒకే బల్ల దగ్గర దోసెలు తింటూ నవ్వుతూ ఉంటే చూశాడు. పెట్టెలోని ఇనుప దిమ్మె తీసి, బల్ల మీద ఉన్న బుడేన్ కుడిచేతి మీద కొట్టాడు. మూడు వేళ్లు విరిగాయి. నీ మామ సబ్ జైల్లో ఉన్నాడు.

బుడేన్ మ్యాచ్ అమ్ముకున్నాడు. నంద్యాల అంతా అదే అంటోంది. ఆ మాట కోర్టులో రుజువైతే శిక్ష తగ్గుతుందని వకీలు అన్నాడు. జనవరి పన్నెండున వాయిదా. నువ్వు వచ్చి, బుడేన్ కావాలనే బూట్లు ఇచ్చాడు, కావాలనే బంతి వదిలాడు అని చెప్పాలి. చెప్పి, నీ మామను ఇంటికి తీసుకొచ్చి, నీ దారిన నువ్వు పో.

ఇంకొకటి అడుగుతున్నాను. ఆట అయిన గంటకే అవతలివాడితో కలిసి తినడానికి మీ గొంతులోకి ముద్ద ఎలా దిగింది? మీకు రోషం ఉండదా?

లూదియా.


ఆళ్లగడ్డ,
2 జనవరి 1959.

అవ్వకు దేవరాజు వందనాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వాయిదాకు రాలేను. నంద్యాల గడప తొక్కవద్దని మిల్లు యజమాని గట్టిగా చెప్పాడు. వచ్చినా నువ్వు చెప్పమన్నది చెప్పలేను, ఎందుకంటే అది అబద్ధం.

ఆ రోజు పొద్దున బస్సు దిగి చూసుకుంటే నా ఎడమ బూటు అడుగు ఊడి వేలాడుతోంది. రెండు టీముల్లో కలిపి బూట్లు ఉన్నదే ఏడుగురికి. మిగతావాళ్లు ఉత్త కాళ్లతో ఆడతారు. బుడేన్‌కు మామ కుట్టినవి రెండు జతలు ఉన్నాయి. అడిగాను. "వేసుకోరా, చించినావంటే నీ తోలు వలిపిస్తా" అని ఇచ్చాడు. మాలో అది మామూలే. మోకాలి పట్టీ ఒకరిది ఒకరు కట్టుకుంటాం. ఎవడికైనా కాలు బెణికితే అవతలి టీమువాడే నూనె రాస్తాడు, రేపు తన కాలూ బెణుకుతుందని వాడికి తెలుసు గనుక.

రోషం అడిగావు. ఆడినంతసేపూ ఉంటుంది. నా తొడ మీద బుడేన్ మోకాలి దెబ్బ ఇంకా నల్లగా ఉంది. ఈల ఊదగానే అది అయిపోతుంది. అవ్వా, రెండేళ్ల కిందట నేను నంద్యాలకు ఆడాను, బుడేన్ ఆళ్లగడ్డకు ఆడాడు. అప్పుడు మామ గీత పక్కన నిలబడి వాణ్ణి అమ్మనా బూతులు తిట్టాడు. మరుసటేడు వాడు నంద్యాలకు వచ్చేసరికి అదే మామ వాడి మెడలో దండ వేశాడు. మనిషి ఒకడే, చొక్కా మారిందంతే. చొక్కాను ప్రేమించేది మీరు. మేము తొడుక్కొని, ఆడి, విడిచి, ఉతుక్కుంటాం.

ఆ గోలు గురించి ఒక్కమాట. నేను కొట్టిన బంతి బుడేన్ వేళ్లకు తగిలి, గోలు గుంజకు తగిలి లోపలికి పోయింది. అమ్ముకున్నవాడు అంత దూరం ఎగిరి వేళ్లు అడ్డం పెట్టడు.

మామ ఎందుకు అలా అనుకున్నాడో నాకు తెలియదు. బూటు చూసి పొరపాటు పడి ఉంటాడు. వకీలుతో మాట్లాడి ఇంకేదైనా దారి చూడు. మార్తమ్మత్తకు, పిల్లలకు వందనాలు చెప్పు.

దేవరాజు.


నంద్యాల,
14 జనవరి 1959.

దేవరాజుకు,

వాయిదా వేశారు. ఫిబ్రవరి పదహారు అన్నారు. నువ్వు రాలేదు. నీ కోసం బస్సు దగ్గరికి నేను పోలేదు, కోడలు పోయింది. నాలుగు బస్సులు చూసి వచ్చింది.

నీ ఉత్తరం పట్టుకొని సంజీవయ్య సారును వెంటబెట్టుకొని జైలుకు పోయాను. నా కొడుకు కూడా వినాలి గదా, మేనల్లుడు ఎంత బాగా రాశాడో. కటకటాల ఇవతల సారు నిలబడి చదివాడు, అవతల వాడు చతికిలబడి విన్నాడు. బూటు ఊడిన సంగతి విన్నాడు. దండ సంగతి దగ్గర కొంచెం నవ్వాడు కూడా. చివరికి వచ్చేసరికి చెయ్యెత్తాడు.

"సారూ, ఆ మాట మళ్లా సదువు."

"ఏ మాట ఓబులేసూ?"

"నాకు తెలీదు అన్యాడే, ఆ మాట."

సారు మళ్లీ చదివాడు. నీ మామ లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. "ఏందిరా, పెండ్లికూతురు మాదిరి ఆ పక్క తిరుక్కుంటావ్? ఈ పక్క తిరిగి మాట్లాడు" అన్నాను.

"ఏం ల్యాదు మా. ఇంటికి పో."

"పోను. ఈడనే కూచుంటా. జవాను ఈడ్చినా పోను."

జవాను నా కంటే ముసలివాడు. ఈడ్చేలా లేడు. ఆ సంగతి నీ మామకూ తెలిసింది.

"దేవరాజే చెప్పినాడు మా," అన్నాడు, గోడతో చెబుతున్నట్టు. "బుడేన్ అమ్మినాడని ఆని నోటితోనే చెప్పినాడు. నేను ఇన్యా. అందరూ నవ్వినారు. బుడేనూ నవ్వినాడు. ఓడిపోయినోడు నవ్వుతాడా మా? యాడన్నా చూసినావా?"

"ఇన్నాళ్లూ చెప్పకపోతివేందిరా సన్నాసీ?"

"అక్క కొడుకు. చెప్తే ఆట్లోనుంచి తీసేస్తారు ఆన్ని. నేనెట్లాగూ లోపలుండా. వాడన్నా ఆడుకోనీ."

దేవా, నేను అరవై ఏడేళ్లలో చాలా అబద్ధాలు విన్నాను, కొన్ని చెప్పాను కూడా. "నాకు తెలియదు" అని నువ్వు రాసిన కాగితం ఇప్పుడు నా ఒళ్లో ఉంది. నాకు అక్షరం రాదు. ఏ గీత ఆ మాటో సారును అడిగి, దాని మీద వేలు పెట్టి కూర్చున్నాను.

ఆ హోటల్లో నువ్వు ఏమన్నావు? మాట పొల్లు పోకుండా రాయి. నన్ను ఊరడించే మాటలు రాయవద్దు.

లూదియా.


ఆళ్లగడ్డ,
25 జనవరి 1959.

అవ్వా,

రాస్తున్నాను.

హోటల్లో తొమ్మిదిమందిమి ఉన్నాం, రెండు టీములవాళ్లం. ఆకలి మీద ఉన్నాం. బుడేన్ గోలు పోయిందని కాసేపు ముఖం మాడ్చుకున్నాడు, దోసె రాగానే మామూలైపోయాడు. ఆటలో తప్పులు ఒకరివి ఒకరం చెప్పుకొని ఎగతాళి చేసుకుంటున్నాం. మామ పెట్టె భుజాన పెట్టుకొని వచ్చి మా బల్ల ముందు నిలబడ్డాడు.

"రేయ్ దేవా, బుడేన్ బూట్లు నీ కాళ్లకు ఎట్లొచ్చినాయ్?" అన్నాడు.

నేను నోట్లో ముద్ద పెట్టుకొని, "అమ్మినాడు మామా. నాలుగు దోసెలకు బూట్లూ అమ్మినాడు, ఆటా అమ్మినాడు. ఇయ్యే ఆ దోసెలు, నువ్వూ ఒకటి తిను" అన్నాను.

అందరం నవ్వాం. బుడేన్ అయితే పొలమారేదాకా నవ్వాడు. "ఇంగో రెండు ఏయించుంటే ఇంగో గోలు ఇచ్చేవాణ్ని గదప్పా" అన్నాడు. మేము ఇలాంటి మాటలు రోజూ అనుకుంటాం అవ్వా. ఎవడు గోలు పోగొట్టుకున్నా, "ఎంతకు అమ్మితివిరా" అనే అడుగుతాం. దానికి అర్థం ఏమీ ఉండదు.

నేను మామ ముఖం చూడలేదు. చట్నీ గిన్నె వైపు చూస్తున్నాను. చప్పుడు విని తలెత్తాను.

తరవాత పోలీసులు వచ్చారు. నేను దెబ్బ చూశానన్నాను, కారణం తెలియదన్నాను. బుడేన్ కూడా తెలియదన్నాడు. మిగతా ఏడుగురూ అదే అన్నారు. మ్యాచ్ అమ్మకం అనే మాట నవ్వులకు అన్నా సరే, కప్పు ఆట పెట్టేవాళ్లు విన్నారంటే ఆట నుంచి తీసేస్తారు. పోయిన ఏడు కోయిలకుంట్లవాడు ఒకడు అలాగే పోయాడు. ఆట లేకపోతే మిల్లులో నాకు పని లేదు. మిల్లులో నా పేరు పక్కన తూకం గుమాస్తా అని ఉంది గానీ తక్కెడ ముట్టుకొని ఎరుగను.

నేను వచ్చి నిజం చెబితే మామ శిక్ష కొంచెం తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు. నా బతుకు మాత్రం పోతుంది. రాత్రీ పగలూ ఇదే లెక్క వేస్తున్నాను. తెగడం లేదు. నువ్వు రమ్మంటే వస్తాను, వద్దంటే ఉంటాను. నువ్వే చెప్పు.

దేవరాజు.


నంద్యాల,
8 ఫిబ్రవరి 1959.

దేవరాజుకు లూదియా చెప్పి రాయించినది.

నువ్వు రాసింది విన్న మర్నాడు పొద్దున్నే బుడేన్ ఇంటికి పోయాను. సారు కూడా వచ్చాడు, నేను ఏమైనా చేస్తానేమో అని. బుడేన్ తల్లి జైతున్‌బీ నన్ను గడప ముందే నిలబెట్టింది.

"ఏమొస్తివి లూదియమ్మా? ఇంగో చెయ్యి ఉండాది, దానికా?" అంది.

తల వంచుకొని, ఆమె పక్కకు జరిగేదాకా ఆగి లోపలికి పోయాను. నేను! మా వీధిలో అడుగు, ఎవరైనా నమ్ముతారేమో.

లోపల బుడేన్ కూర్చున్నాడు. పట్టీలు విప్పారు. మూడు వేళ్లు కలిసి ఒక్కటిగా బిగుసుకుపోయాయి. గోలీ పని పోయిందని అందరికీ తెలుసు. రెండోది నాకు అప్పుడే తెలిసింది. వాళ్లది కళాయి వేసే ఇల్లు. కాలుతున్న గిన్నెలో తగరం కరిగించి, గుడ్డతో ఒక్క చుట్టులో తుడవాలి. ఎడమ చేత్తో నేర్చుకుంటున్నాడు. నేర్చుకుంటే మాత్రం ఏమిటి? వాడి ముందు గిన్నెలు లేవు. "ఊరినే అమ్మినోడు, నా బిందె అమ్ముకోడని ఏం నమ్మకం?" అని ఆడవాళ్లు బజారులో నవ్వుకుంటూ పోయి వేరే చోట కళాయి వేయించుకుంటున్నారు. ఆ మాట మొదట అని నవ్వింది ఎవరో నువ్వే చెప్పావు. ఇప్పుడు ఊరంతా నవ్వుతోంది.

"బుడేనూ," అన్నాను, "దోసెల మాట పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

వాడు తల్లి వైపు చూశాడు. ఆమెకు ఆ సంగతే తెలియదు. నేను మొత్తం చెప్పాను, అక్షరం దాచకుండా. జైతున్‌బీ కొడుకు వైపు తిరిగింది. "నిజమేనా? నీ పేరు గంగలో కలుస్తాంటే నోరు మూసుకోని కూచున్యావా?"

"నేనూ నవ్వినా అమ్మీ," అన్నాడు. "దేవరాజు ఒగడే అనలేదు. ఆ మాట బయటికొస్తే ఆని బతుకూ పోతాది. నా చెయ్యి యాడికీ తిరిగి రాదు గదా."

దేవా, అక్కడినుంచి జైలుకు పోయి నీ మామకు చెప్పాను, అది ఎగతాళి మాట అని. చివరిదాకా విన్నాడు. తరవాత తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. "బుడేన్ వేళ్లు ముడుస్తాండాడా మా?" అని అడిగాడు. లేదన్నాను. ఆ పూట నేను తీసుకుపోయిన సంగటి ముట్టలేదు.

ఇప్పుడు నీకు నా జవాబు.

రోషం ఉండదా అని నిన్ను అడిగాను. అడిగిన తరవాత ఆలోచించాను. పెళ్లయిన కొత్తలో నేను కోయిలకుంట్ల పక్క శనగ పీకడానికి పోయేదాన్ని. పక్కపక్కనే ఉన్న రెండు చేలు, ఒకరి మీద ఒకరు పగబట్టిన ఇద్దరు రెడ్లవి. ఈ ఏడు ఈయన చేను, వచ్చే ఏడు ఆయన చేను, ఎవరు పిలిస్తే అక్కడ. వాళ్ల మనుషులు ఒకరి తలలు ఒకరు పగలగొట్టుకుంటుంటే, మేము రెండు చేల కూలివాళ్లం గట్టు మీద కూర్చుని ఊరుబిండి పచ్చడి పంచుకొని సంగటి తిన్నాం. "మీ రెడ్డి పిరికోడు, మా రెడ్డి పొట్టోడు" అని నవ్వుకున్నాం. కాబట్టి నీకూ బుడేన్‌కూ మధ్య పగ లేకపోవడం నాకు అర్థమైంది. అందులో తప్పు లేదు. కలిసి తిన్నందుకు నిన్ను తిట్టిన తిట్టు వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ కర్ర పట్టుకున్న రెడ్డి మనిషి గట్టు మీద కనబడితే మేము నవ్వు ఆపేవాళ్లం. మాకు అది కూలి, వాడికి ప్రాణం అని మాకు తెలుసు. చదువు లేని ఆడకూలీలకు తెలిసింది నీకు తెలియలేదా? నీ మామ నీ ముందు పెట్టె మోసుకొని నిలబడి, తాను ప్రాణం పెట్టుకున్నదాని గురించి అడుగుతుంటే, నువ్వు చట్నీ గిన్నె చూశావు. నీ తప్పు అది. దెబ్బ నీ మామ తప్పు. దానికి వాడు శిక్ష అనుభవిస్తాడు. తప్పు ఒప్పుకుంటానని నిన్న వకీలుతో చెప్పాడు. బుడేన్ మీద అబద్ధం చెప్పి నా కొడుకును విడిపించమని నిన్ను అడిగాను చూడు, అది నా తప్పు. జైతున్‌బీ ముందు ఒప్పుకున్నాను.

శిక్ష తగ్గుతుందా తగ్గదా అని లెక్కలు వేయకు. ఆ లెక్క నేను చెరిపేశాను. నా కొడుకు ఆరు నెలలో ఏడాదో ఉండి ఇంటికి వస్తాడు. బుడేన్ పేరు ఎవరూ తీసుకురాకపోతే ఇంటికి రాదు.

పదహారో తేదీన కోర్టుకు రా. నంద్యాల జనమంతా ఆ రోజు అక్కడ ఉంటారు. బుడేన్ ఆట అమ్ముకోలేదు, అమ్మాడని ఎగతాళికి అన్నది నేను, అని నీ నోటితో చెప్పు. ఆళ్లగడ్డవాళ్లు పని తీసేస్తారు, తీయనీ. నీ మామ పెట్టె ఇంట్లో ఉంది. మార్తమ్మకు తోలు కోయడం వచ్చు, కుట్టేవాళ్లు లేక అంగడి మూసి ఉంది. వచ్చి కూర్చుని నేర్చుకో. కాళ్లతో తిన్నావు ఇన్నాళ్లు, ఇక చేతులతో తిను. ఊరు నిన్ను తిడుతుంది. కొన్నాళ్లు ఉమ్ముతుంది. నేను ఓర్చుకున్నాను, నువ్వూ ఓర్చుకో.

రమ్మంటే వస్తాను, వద్దంటే ఉంటాను అని రాశావు. ఆ బరువు నా నెత్తిన పెట్టవద్దు. ఈ కాగితం రెండు ప్రతులు రాయించాను. ఒకటి నీకు. ఒకటి ఆ రోజు మేజిస్ట్రేటుగారి చేతిలో పెడతాను. నిజం ఎలాగూ బయటికి వస్తుంది. నీ నోటి నుంచి వస్తే నువ్వు నా ఇంటికి రావచ్చు. నా నోటి నుంచి వస్తే, ఆ తరవాత ఎక్కడికి పోతావో నువ్వే చూసుకో.

సాక్షిగా వేలిముద్ర వేయమని జైతున్‌బీని అడిగాను. సారు చదివి వినిపించాడు. మొత్తం విన్నది. "నిన్నుగానీ నీ కొడుకును గానీ మన్నించినానని అనుకోవాకు లూదియమ్మా. ఇన్యానని ఏస్తాండా, అంతే" అని బొటనవేలు చాచింది. ఆ మాట కూడా రాయమన్నాను.

ఇది నేను చెప్పగా రాసినది. చదివించి విన్నాను, సరిగా ఉంది.

లూదియా నిశాని ×

సాక్షులు:
జైతున్‌బీ, బుడేన్ తల్లి, ఎడమ బొటనవేలి ముద్ర
మార్తమ్మ, ఓబులేసు భార్య, వ్రాలు

దస్తూరి: సంజీవయ్య, రిటైర్డు ఉపాధ్యాయుడు, నంద్యాల